బేస్ గిటార్ స్ట్రింగ్స్ ఎలా ఎంచుకోవాలి: ముందు టేపు తీయండి

అందరికీ నమస్కారం. ఇవాళ బేస్ స్ట్రింగ్స్ గురించి. నా ఒళ్ళో ఉన్నది మామూలు నాలుగు స్ట్రింగ్‌ల బేస్. పక్కన ఉన్న ఈ చిన్నది షార్ట్ స్కేల్, అంటే స్ట్రింగ్ మోగే పొడవు తక్కువ ఉన్నది. ఇవాళ రెండిటితోనూ పని ఉంది.

"అన్నా, ఏ బ్రాండ్ కొనమంటావు?" అని అందరూ ముందు అదే అడుగుతారు. బ్రాండ్ సంగతి చివర్లో చూద్దాం. అప్పుడు కూడా పెద్దగా చూడం, చెప్తున్నా. ముందు పొడవు, ఆ తర్వాత చుట్టు, ఆ తర్వాత మందం. గిటార్ స్ట్రింగ్స్ అయితే పొరపాటున ఒక సెట్ తప్పు కొన్నా పోనీలే అనుకోవచ్చు. బేస్ సెట్ ఖరీదు దానికి కొన్ని రెట్లు ఉంటుంది కదా.

సరే, పొడవు. టేపు తీసుకోండి. ఇదిగో, మెడ పై చివర స్ట్రింగ్స్ ఆనే ఈ ముక్క, నట్. ఇక్కడి నుంచి 12వ ఫ్రెట్ (మెడకి అడ్డంగా ఉన్న లోహపు గీత) వరకు కొలవండి. 17 అంగుళాలు వచ్చిందా? రెట్టింపు చేస్తే 34, లాంగ్ స్కేల్. 15 వస్తే 30, షార్ట్ స్కేల్. 16 వస్తే మీడియం. అంతే.

చాలామంది ఇక్కడితో ఆగి ఆర్డర్ పెట్టేస్తారు. పెట్టకండి. ఇంకో కొలత ఉంది. వీడియోలో మిగతాది స్పీడు పెంచి చూసినా ఫర్వాలేదు, ఇది మాత్రం నిదానంగా చూడండి. కెమెరా దగ్గరకి తెస్తున్నా.

స్ట్రింగ్ చివర ఈ చిన్న గుండు ఉంది చూడండి, బాల్ ఎండ్. ఇది బ్రిడ్జ్, అంటే బాడీ మీద స్ట్రింగ్స్‌ని పట్టి ఉంచే భాగం, దాని వెనకాల కూర్చుంటుంది. ఆ కూర్చున్న చోటు నుంచి నట్ వరకు కొలవాలి. శాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే ముక్క) నుంచి కాదు, గుండు నుంచి. మళ్ళీ చూపిస్తా. టేపు ఇక్కడ, గుండు దగ్గర పెట్టి, ఇలా తిన్నగా నట్ వరకు. 34 స్కేల్ బేస్ కదా, అయినా చూడండి, 35 దాటేసింది. కొన్ని బేస్‌లలో స్ట్రింగ్ బాడీ వెనక నుంచి లోపలికి దూరి వస్తుంది. వాటికి ఇంకా ఎక్కువ వస్తుంది.

ఎందుకింత గోల అంటే, స్ట్రింగ్ రెండో చివర చూడండి. ఇక్కడి వరకు పూర్తి మందం, ఇక్కడి నుంచి సన్నబడింది, పైన ఈ రంగు దారం చుట్టారు. ఆ పూర్తి మందం నట్ దాటాలి. దాటాలి, కానీ స్ట్రింగ్ చుట్టుకునే ట్యూనర్ కడ్డీ దాకా వెళ్ళకూడదు. నట్ దాటకపోతే ఆ సన్నటి భాగం ఫ్రెట్‌ల మీదకి వస్తుంది, సౌండ్ చచ్చిపోతుంది. మరీ పొడుగైతే మందపాటి చుట్టు వెళ్ళి కడ్డీకి చుట్టుకుంటుంది, వంపు దగ్గర విరిగే ప్రమాదం. ఫ్లాట్‌వౌండ్‌లో, అంటే రేకు చుట్టిన వాటిలో, ఇంకా ఎక్కువ. షార్ట్ స్కేల్ బేస్‌కి లాంగ్ స్కేల్ సెట్ కొని "కట్ చేసుకుంటాలే" అనుకునేవాళ్ళకి జరిగేది ఇదే.

ఇప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. ఉదాహరణకి డాడారియో లాంగ్ స్కేల్ సెట్ 36¼ అంగుళాల వరకు సరిపోతుంది, షార్ట్ స్కేల్ సెట్ 32¼ వరకు. మీ గుండు కొలతని ఈ అంకెతో పోల్చుకోండి. నేనైతే నా బేస్‌ల కొలతలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నా, షాపులో నిలబడి గుర్తు చేసుకోనక్కర్లేదు.

చుట్టు. రౌండ్‌వౌండ్, ఫ్లాట్‌వౌండ్. వినండి. ఇది రౌండ్. ఇది ఫ్లాట్. తేడా తెలిసింది కదా, నేను చెప్పేదేముంది.

రౌండ్ అంటే గుండ్రటి తీగ చుట్టింది, గోరు పెట్టి గీస్తే గరగరమంటుంది. ఫ్లాట్ అంటే బల్లపరుపు రేకు చుట్టింది, నున్నగా ఉంటుంది. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పుడు ఫ్లాట్‌లే. 1966లో ద హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్విసిల్‌తో కలిసి స్ట్రింగ్స్ కంపెనీ రోటోసౌండ్ వాళ్ళు తయారుచేసిన రౌండ్‌వౌండ్‌లతో ఆ మెరుపు సౌండ్ వచ్చింది. మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌లే, అదీ బాగా మందం. తెగితే తప్ప మార్చేవాడు కాదట. నేనూ ఫ్లాట్‌ల మనిషినే. స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్ మీద కొట్టి) వాయించాలంటే మాత్రం రౌండ్ వేయండి, మొహమాటం వద్దు.

ఫ్రెట్‌లెస్, అంటే ఫ్రెట్‌లు లేని బేస్ వాళ్ళకి ఒక మాట. రౌండ్‌వౌండ్ కొన్నాళ్ళకి రోజ్‌వుడ్ బోర్డుని, అంటే వేళ్ళు నొక్కే చెక్కని, గీరేస్తుంది. ఫ్రెట్‌లెస్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ రౌండ్‌లే వాడాడు కదా అంటారు. వాడాడు, కానీ ముందు బోర్డుకి ఎపాక్సీ పూత వేసుకున్నాడు!

లోహంలో రెండు రకాలు. స్టీల్ అయితే మెరుపు ఎక్కువ, వేలికి గరుకు. నికెల్ పూత ఉన్నవి కాస్త మెత్తన. మొదటి సెట్‌కి నికెల్ తీసుకోండి. అకూస్టిక్ బేస్‌కి వేసే కాంస్యం సెట్ మాత్రం ఎలక్ట్రిక్‌కి వద్దు. స్ట్రింగ్ కదలికని పట్టే పిక్కప్‌లో ఉన్నది అయస్కాంతం, దానికి ఇనుము కావాలి.

విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి ఉప్పు గాలి, పైన చెమట. వాయించాక పొడి గుడ్డతో ఒకసారి తుడవండి, చాలు. లేదంటే తుప్పు పట్టకుండా పూత ఉన్న సెట్ కొనుక్కోండి, ఎలిక్సిర్ లాంటివి. ఖరీదు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. పాత రౌండ్‌లని నీళ్ళలో మరిగిస్తే బతుకుతాయంటారు. బతుకుతాయి, కొన్నాళ్ళు. ఆరబెట్టకుండా వేయకండి.

ఇక మందం, గేజ్. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 45 నుంచి 105 అంటే సన్నది 45, లావుది 105. 45–100 కూడా మామూలే. అన్నిటికంటే లావైన ఈ (E) స్ట్రింగ్‌ని డీ (D) స్వరానికి దించి వాయించేవాళ్ళు 105 తీసుకోండి. అలా దించితే టెన్షన్, అంటే బిగువు, దాదాపు ఐదో వంతు పడిపోతుంది, సన్న స్ట్రింగ్ అయితే ఫ్రెట్‌లకి తగిలి టపటపలాడుతుంది. షార్ట్ స్కేల్‌లో కూడా అంతే, అదే స్ట్రింగ్, అదే స్వరం, 34 నుంచి 30కి వచ్చేసరికి టెన్షన్ 22 శాతం తగ్గుతుంది. ఐదు స్ట్రింగ్‌ల బేస్ అయితే అదనపు లావు బీ (B) స్ట్రింగ్ 130 ఉన్న సెట్ చూడండి.

ఇప్పుడు ఉన్నవి ఏ గేజో తెలియదా? వెర్నియర్ కాలిపర్, ఇదిగో, ఈ డిజిటల్‌ది. అంగుళాల్లోకి మార్చి పట్టండి. ఫ్రెట్‌ల పైన కాదు, అక్కడ అరిగి ఉంటుంది. బ్రిడ్జ్ దగ్గర పట్టండి. 0.105, సరిపోయింది.

బ్రాండ్ అంటారా, ఈ మూడూ కుదిరాక షాపులో ఏది ఉంటే అది.

గేజ్ మారిస్తే ఒక జాగ్రత్త. నాలుగూ కలిసి మెడని సుమారు 75 కిలోల బరువుతో లాగుతుంటాయి. మందం పెంచితే మెడ ముందుకి వంగి స్ట్రింగ్స్ పైకి లేస్తాయి, తగ్గిస్తే ఫ్రెట్‌ల మీద జుయ్‌మంటాయి. ఒక రాత్రి అలాగే వదిలేసి, పొద్దున్నే చూసి, అప్పుడు ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు తిప్పు తిప్పండి. పావే. మళ్ళీ ట్యూన్ చేసి చూడండి, ఇంకా కావాలంటే ఇంకో పావు. నట్ గాడిలో కొత్త ఈ (E) స్ట్రింగ్ పైకి తేలి కూర్చుంటే మాత్రం ఆకురాయి మీరు పట్టకండి, సెటప్ చేసేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళండి.