‘ఫైనల్’ ఫైలు ఏది? ఉమ్మడి ఫైళ్ల నిర్వహణపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. హనుమకొండలో డీటీపీ సెంటర్ నడిపే అన్న, ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచి ఉంచే సబ్‌వెర్షన్ అనే సాఫ్ట్‌వేర్‌ను కాలేజీలో నేర్పే మేడం మనతో ఉన్నారు. అన్నా, మీకు ఈ సబ్‌వెర్షన్ అవసరం ఎట్లా పడింది?

డీటీపీ నిర్వాహకుడు: మొన్నటి మేడారం జాతర ముందు పడింది. ఒకే స్వాగత ఫ్లెక్సీకి పెన్‌డ్రైవ్‌లలో నాలుగు కాపీలు తయారైనయి. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే ఫైనల్’... పేరు సరిచేసింది ఒకదాంట్లో, ప్రింటుకు పోయింది ఇంకొకటి. 20 అడుగుల ఫ్లెక్సీ మళ్లీ కొట్టాల్సి వచ్చింది. రాత్రంతా ఒకటే టెన్షన్.

అధ్యాపకురాలు: సబ్‌వెర్షన్‌లో అసలుది ఒక్కచోటే ఉంటుంది, సర్వర్‌లోని రిపాజిటరీలో, అంటే ఫైళ్లు, వాటి పాత మార్పులు అన్నీ దాచే చోట. చెకౌట్ చేస్తే మన సిస్టమ్‌లోకి వర్కింగ్ కాపీ వస్తుంది. మార్చి కమిట్ చేస్తే, అంటే ఆ మార్పును రిపాజిటరీలోకి పంపితే, కొత్త రివిజన్ నంబరు పడుతుంది. పిల్లలు తికమకపడేది ఇక్కడే. రివిజన్ 412 అంటే ఒక ఫైలు 412 సార్లు మారిందని కాదు. ఆ కమిట్ నాటికి రిపాజిటరీ మొత్తం ఎట్లా ఉందో చెప్పే నంబరు అది.

వ్యాఖ్యాత: ఇద్దరు ఒకేసారి మారిస్తే?

అధ్యాపకురాలు: ముందు కమిట్ చేసినవాళ్లది చేరిపోతుంది. రెండోవాళ్లకు ‘అవుట్ ఆఫ్ డేట్’ అని వస్తుంది. అప్‌డేట్ చేసి కొత్త మార్పులను మన కాపీలోకి తెచ్చుకుంటే, టెక్స్ట్ ఫైలులో వేర్వేరు చోట్ల మార్పులను సబ్‌వెర్షనే కలుపుతుంది. ఒకే లైను మార్చి ఉంటే కాన్‌ఫ్లిక్ట్ అంటుంది, ఏది ఉంచాలో మనమే తేల్చాలి. అది చూసి భయపడి ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు, కమిట్ కాని పనంతా పోతుంది.

నిర్వాహకుడు: మావి ఫొటోషాప్ ఫైళ్లు కదా మేడం, అట్లా కలవవు.

అధ్యాపకురాలు: కలవవు. వాటికి ‘నీడ్స్ లాక్’ ప్రాపర్టీ పెట్టాలి. లాక్ అంటే, ఒకరు పనిచేస్తున్న ఫైలును వేరేవాళ్లు కమిట్ చేయకుండా ఆపేది. లాక్ తీసుకునేదాకా ఫైలు రీడ్ ఓన్లీగానే ఉంటుంది. కమిట్ చేయగానే లాక్ దానంతటదే విడిపోతుంది.

నిర్వాహకుడు: మా దగ్గర అలవాటు కావడానికి టైం పట్టింది అదే. లాక్ తీసుకొని అన్నానికి పోయిన పిల్లగాడు సాయంత్రం దాకా రాడు. వేరేవాళ్లు ఆ లాక్ విడిపించొచ్చు. కానీ ఫోన్ చేసి అడగకుండా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పిన. సబ్‌వెర్షన్‌ను కమాండ్లు లేకుండా మౌస్‌తో వాడుకునే టార్టాయిస్ ఎస్‌వీఎన్‌లో మార్చని ఫైలు మీద ఆకుపచ్చ టిక్కు, మార్చితే ఎర్ర గుర్తు కనిపిస్తయి. కమాండ్లు రానివాళ్లు ఆ రంగులు చూసే నేర్చుకున్నరు.

వ్యాఖ్యాత: ఇప్పుడంతా గిట్ అని ఇట్లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు కదా మేడం?

అధ్యాపకురాలు: ప్రోగ్రామర్లకు గిట్ మేలే, నెట్ లేకున్నా కమిట్ అవుతుంది. బరువైన బొమ్మల ఫైళ్లున్నచోట మాత్రం నేను సబ్‌వెర్షన్‌నే నేర్పుతాను. కావాల్సిన ఫోల్డర్ ఒక్కటే దించుకోవచ్చు. 2004లో దాని 1.0 వెర్షన్ వచ్చింది, ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తోంది. అయితే సర్వర్ డిస్క్ పోతే చరిత్రంతా పోతుంది. బ్యాకప్ తీస్తున్నారా అన్నా?

నిర్వాహకుడు: రోజూ షట్టర్ దించేముందు హాట్‌కాపీ, అంటే రిపాజిటరీ మొత్తానికి నకలు తీసి, ఆ డిస్కు ఇంటికి తీసుకుపోత.

అధ్యాపకురాలు: దాన్ని వేరే సిస్టమ్‌లో పెట్టి చెకౌట్ చేసి చూశారా?

నిర్వాహకుడు: లేదు మేడం. రేపు పొద్దున షాపు తెరవగానే చూస్త.