ట్రైలర్‌లో వర్క్‌షాప్ పెట్టాలంటే ముందు బరువు లెక్క చూసుకోండి

నమస్తే అండి అందరికీ. నా వెనకాల కనిపిస్తోంది కదా, 7 బై 14 అడుగుల ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్, అంటే ట్రక్కు వెనక లాక్కెళ్ళే మూసి ఉన్న డబ్బా బండి, ఇంకా ఖాళీగానే ఉంది, డాలస్ చుట్టుపక్కల డెక్కులు, ఫెన్సులు, క్యాబినెట్ పనులకి తిరగడానికి దీన్ని వర్క్‌షాప్ చేస్తున్నా. ఇక్కడ ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే మనవాళ్ళకి ఒక్కటే గట్టిగా చెప్తా, షెల్ఫులు డ్రాయర్లు ఎంత అందంగా కడతామనేది తర్వాత, ముందు బరువు ఎక్కడ పడుతుందో తేల్చుకోండి.

ట్రైలర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని స్టిక్కర్ ఉంటుంది, అంటే ట్రైలర్ సొంత బరువు, లోపల సామాను అన్నీ కలిపి అంతకు మించకూడదు. సింగిల్ యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు ఒక్కటే ఉన్న వాటికి చాలావరకు 2,990 పౌండ్లే ఇస్తారు, ఎందుకంటే చాలా స్టేట్స్‌లో 3,000 దాటితే ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలి. వర్క్‌షాప్‌కి అది అస్సలు చాలదు, ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటే ఒక్కోటి 60, 70 పౌండ్లు తూగుతుంది, ఇక టేబుల్ సా, కంప్రెసర్, బ్యాటరీలు వేరే. అందుకే రెండు యాక్సిల్స్ ఉన్న 7,000 పౌండ్లది తీసుకున్నా. దీనికి ట్రక్కులో ట్రైలర్ బ్రేకులు వేయించే బ్రేక్ కంట్రోలర్, ట్రైలర్‌కి కరెంట్ ఇచ్చే 7 పిన్ ప్లగ్ ఉండాలి, 4 పిన్‌లో లైట్లు వెలుగుతాయి గానీ బ్రేకులకి కరెంట్ రాదు.

ఇప్పుడు అసలు విషయం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే చోట పడాలి, 5,000 పౌండ్లు ఉంటే 500 నుంచి 750 అన్నమాట. ఎడ్లబండికి బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది చూడండి, అదే లెక్క, కాకపోతే ఇక్కడ హైవే స్పీడులో ట్రైలర్ వెనకభాగం అటూ ఇటూ ఊగడం మొదలై ట్రక్కునే లాగేస్తుంది, ప్రాణాల మీదకొచ్చే విషయం అది. ఇదిగో, నేల మీద ఈ చాక్‌పీస్ గీత రెండు యాక్సిల్స్‌కి మధ్యలో గీశా. బరువైనవన్నీ ఈ గీతకి కాస్త ముందు, నేలకి దగ్గరగా, టేబుల్ సా ఎడమ గోడకి పెడితే కంప్రెసర్ కుడి గోడకి. వెనక తలుపు దగ్గర క్లాంపులు, ఎక్స్‌టెన్షన్ కార్డులు లాంటి తేలికవే.

గోడల దగ్గరికి రండి. ఈ స్క్రూ తలలు నిలువుగా వరసలో ఉన్నాయి చూశారా, దాని వెనకే స్టీల్ స్టడ్, అంటే గోడని నిలబెట్టే నిలువు కమ్మీ ఉంది, ఇక్కడ 16 అంగుళాలకొకటి ఉంది, కొన్నిట్లో 24 ఉంటుంది. ఏది బిగించినా ఈ స్టడ్‌లోకే, లోపలి ప్లైవుడ్ పలచనిది, కుదుపులకి స్క్రూ మెల్లగా ఊడొచ్చేస్తుంది. ఫ్రెంచ్ క్లీట్, అంటే ఏటవాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు, ఒకటి గోడకి, ఒకటి టూల్ హోల్డర్‌కి బిగించి ఒకదానికొకటి తగిలించేది, నాకు చాలా ఇష్టం, టూల్స్ ఎప్పుడు కావాలంటే అప్పుడు జరుపుకోవచ్చు, కానీ గుంతలో పడ్డప్పుడు పైకి ఎగిరి ఊడిపోతాయి కాబట్టి ప్రతిదానికీ కింద ఒక స్క్రూ వేసి లాక్ చేయండి. డ్రాయర్లకీ గట్టి లాచ్ ఉండాలి.

పవర్ సంగతి, మైటర్ సా, అంటే చెక్కని కోణంలో అడ్డంగా కోసే రంపం, ఇక్కడి 120 వోల్ట్ కరెంట్ మీద 15 ఆంప్స్ అంటే 1,800 వాట్స్, 12 వోల్ట్ బ్యాటరీ నుంచి అంత లాగితే 150 ఆంప్స్ పైనే, బ్యాటరీ కరెంట్‌ని ఇంటి కరెంట్‌గా మార్చే ఇన్వర్టర్‌లో పోయే నష్టం ఇంకా అదనం. లావు కేబుల్ వేయాలి, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజ్ పెట్టాలి. జనరేటర్‌ని మాత్రం లోపల ఎట్టి పరిస్థితుల్లో నడపొద్దు, తలుపులు తెరిచి ఉన్నా సరే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

అన్నీ బిగించాక సామానంతా ఎక్కించి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే లారీల కాటా మీద తూకం వేయిస్తా, హిచ్ మీద పడే బరువులో తేడా వస్తే కంప్రెసర్ జరపాల్సిందే, అందుకే దాన్ని చివర్లో బిగిస్తున్నా. చక్రాల నట్లు మొదటి 50 మైళ్ళ తర్వాత టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగించామో కొలిచే రెంచ్‌తో మళ్ళీ చూసుకోవాలి. సరే, ఆ డ్రిల్ ఇటివ్వండి, ఎడమ గోడతో మొదలెడదాం.