"ఆయనకి కోపం ఎక్కువండి, అంతే"

అందరికీ నమస్కారం. తర్వాత అంత్యాక్షరి ఉందంట, అందుకే గబగబా చెప్పేస్తా.

నేను న్యూజెర్సీలో ఒక హెల్ప్‌లైన్‌కి వచ్చే తెలుగు ఫోన్లు తీసుకుంటా. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా గృహహింస అనే మాట వాడలేదండి. "ఆయనకి కోపం ఎక్కువ", "డబ్బుల దగ్గర కొంచెం స్ట్రిక్ట్", ఇలా మొదలవుతుంది. కొట్టాడా అని అడిగితే అబ్బే లేదంటారు. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది, అకౌంట్‌లో మీ పేరుందా, అమ్మతో మాట్లాడేటప్పుడు స్పీకర్ ఆన్ చెయ్యమంటాడా అని అడిగితే, అప్పుడు అవతల సైలెంట్ అయిపోతారు.

బయటికొచ్చెయ్ అనడం మనకి ఈజీ. ఆమె హెచ్-4 మీద, అంటే భర్త హెచ్-1బి ఉద్యోగ వీసాని బట్టి వచ్చిన వీసా మీద ఉంటే విడాకులైన రోజే ఆ స్టేటస్ పోతుంది. 2015 నుంచి హెచ్-4 వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు గానీ అందరికీ కాదు, ఎక్కువమందికి భర్త ఐ-140, అంటే గ్రీన్‌కార్డ్ కోసం అతని కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యాకే. "నీ వీసా నా చేతిలో ఉంది" అని అతను బెదిరిస్తే ఆమె నమ్మకేం చేస్తుంది? హింసకి గురైన హెచ్-4 భార్య సొంతంగా వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చని, భర్త సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ హోల్డర్ గానీ అయితే అతని సంతకం లేకుండానే తన గ్రీన్‌కార్డ్‌కి దారి ఉందని ఆమెకి ఎవరూ చెప్పరు. నేరం జరిగి పోలీసులకి సహకరిస్తే యూ వీసా కూడా ఉంది, కాకపోతే ఏడాదికి 10,000 మాత్రమే, క్యూ ఏళ్ళ తరబడి.

1985లో ఇక్కడే మానవి, 1989లో న్యూయార్క్‌లో సఖి, ఇలా మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం సంస్థలు మొదలైంది ఇందుకే, మనవాళ్ళ ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళు కావాలి కదా. షెల్టర్‌లో ఆమెకి తినగలిగే తిండి ఉందా, పప్పన్నం వండుకోనిస్తారా అన్నది చిన్న విషయం కాదు, దానివల్లే మూడో రోజు వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. తెలుగొచ్చినవాళ్ళని అనువాదానికి పిలవడమూ జాగ్రత్తగా చెయ్యాలి, ఆ మనిషి ఆమె ఆడపడుచుకి ఫ్రెండ్ అయితే సాయంత్రానికల్లా గుంటూరు దాకా తెలిసిపోతుంది! ముందు ఆమెనే అడగండి, తెలుగువాళ్ళు కావాలా వద్దా అని. మన సంస్కృతి తెలియడమంటే సర్దుకుపోమ్మా అనడం కాదు, ఆ మాట వాళ్ళమ్మ వాట్సాప్‌లో ఎలాగూ రోజూ అంటూనే ఉంటుంది.

ఇవాళ మేం టేబుల్ పెట్టలేదు, పెడితే దాని దగ్గరికి ఎవరు వచ్చారో హాలంతా చూస్తుంది. లేడీస్ రెస్ట్‌రూమ్‌లో తలుపుల వెనక నంబర్ చీటీలు అంటించాం, చింపుకుని వెళ్ళేలా. పిల్లలు పీకేస్తుంటే మాత్రం కాస్త ఆపండి.