ఆఫీసు మెయిల్ ఐడీ, ఉచిత సినిమా, కార్టన్ల బిల్లు

[దృశ్యం: భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. అకౌంట్స్ గది. తెర మీద ఒక మెయిల్.]

వాయిస్: ఈ మెయిల్ ఒకసారి చదవండి. "సార్, మా బ్యాంకులో ఆడిట్ జరుగుతోంది. కార్టన్ల బిల్లు ఈసారి కింది అకౌంట్‌కి వేయగలరు." ఎప్పుడూ మనకి కార్టన్లు ఇచ్చే సప్లయరే. బిల్లు నంబరు కరెక్టు, మొత్తం పైసలతో సహా కరెక్టు. మన అకౌంటెంట్ డబ్బు వేసేశారనుకోండి. వారం పోయాక అసలు సప్లయర్ ఫోన్ చేస్తాడు: "ఏమండీ, మా బిల్లు సంగతి మర్చిపోయారా?"

[దగ్గరగా: పంపినవారి అడ్రస్.]

అడ్రస్ పెద్దది చేసి చూద్దాం. ఇంగ్లిషు చిన్న ఎం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. రెండూ అంటుకుపోయి అచ్చం ఎం లాగే ఉంటాయి. చెరువుల్లో పట్టిన రొయ్యల లారీలు గేటు ముందు బారులు తీరి, డ్రైవర్లు హారన్లు కొడుతుంటే, ఆ తేడా ఎవరి కంట పడుతుందండీ?

సరే, బిల్లు నంబరు దొంగకి ఎలా తెలిసింది? మన ఆఫీసులోనే ఒకరు ఉచితంగా సినిమాలు చూపించే సైట్‌లో ఆఫీసు మెయిల్ ఐడీతో రిజిస్టర్ అయ్యారు. గుర్తుంటుందని పాస్‌వర్డ్ కూడా ఆఫీసుదే పెట్టారు. ఆ సైట్ నుంచి వివరాలు బయటికి పోయాయి, వాటితో దొంగ మన మెయిల్ తెరిచాడు. వీడికి తొందరేం ఉండదు. రోజుల తరబడి కూర్చుని చదువుతాడు. ఎవరు ఎవర్ని "గారు" అంటారు, ఎవరు "బాబాయ్" అంటారు, బిల్లులు ఏ వారం కడతారు, అన్నీ పట్టేస్తాడు. ఈలోగా ఫార్వర్డింగ్ రూల్ ఒకటి పెడతాడు: "ఇన్వాయిస్" అన్న మాట ఉన్న ప్రతి మెయిల్ కాపీ తనకి. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ దానంతట అది పోదు. సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయాల్సిందే.

[స్క్రీన్ మీద: అకౌంట్ మారిందా? ఫోన్ చేయండి.]

మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదండోయ్. పాత బిల్లు మీద ఉన్న నంబరుకి.

[దృశ్యం: క్యాంటీన్. ఫోన్లు, టిఫిన్ బాక్సులు.]

మరి ఆఫీసు నెట్‌లో సొంత పని ఏదీ చేసుకోకూడదా? భోజనం టైములో కరెంటు బిల్లు కట్టినా, పిల్లాడి రిజల్ట్ చూసుకున్నా చాలా కంపెనీలు ఏమీ అనవు. నన్నడిగితే అనకూడదు కూడా. మీ దగ్గర ఎంతవరకు ఒప్పుకుంటారో పాలసీలో ఉంటుంది. చేరిన రోజు చదవకుండా సంతకాలు పెట్టేశామే, ఆ కట్టలోనే ఉంటుంది చూడండి. క్రికెట్ మ్యాచ్ సంగతి వేరు. హెచ్‌డీలో ఒక్కరు చూస్తే సెకనుకు సుమారు 5 మెగాబిట్లు లాగుతుంది. నలుగురు చూస్తే, కంటైనర్ పేపర్లు అప్‌లోడ్ చేస్తున్న అమ్మాయి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సంక్రాంతికి బరి దగ్గర తీసిన కోడిపందెం వీడియోని "రిప్లై ఆల్" కొట్టి పంపే మహానుభావులు కూడా ఉంటారు. ఆ "ఆల్"లో విదేశీ బయ్యర్ ఉండొచ్చు. ఆఫీసు ఐడీ నుంచి ఏది వెళ్లినా కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి పంపినట్టే.

ఇంకోటి, మంచి ఉద్దేశంతో చేసే తప్పు. ఉండి, కాళ్ల, ఆకివీడు రైతుల ఆధార్ కాపీలు, బ్యాంక్ పాస్‌బుక్కులు "ఇంటికెళ్లి ఎంట్రీ చేస్తాను" అని సొంత జీమెయిల్‌కి పంపుకోవడం. ఆ జీమెయిల్ ఉన్న ఫోన్ రేపు బస్సులో పోతే? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది.

[దృశ్యం: సర్వర్ గది.]

"మన మెయిల్స్ కంపెనీ వాళ్లు చూస్తారా?" అని అందరూ అడుగుతారు. చూడగలరు. మీరు డిలీట్ చేసినా బ్యాకప్‌లో కాపీ ఉండొచ్చు. ఇన్‌కాగ్నిటో మోడ్ మీ కంప్యూటర్లో హిస్టరీ మిగల్చదు, అంతే. ఏ సైట్‌కి వెళ్లారో నెట్‌వర్క్‌లో తెలుస్తూనే ఉంటుంది. అయితే ఏం చూస్తామో, ఎందుకు చూస్తామో కంపెనీ ముందే రాసి చెప్పాలన్నది నా అభిప్రాయం. చాటుగా చూడటం మొదలుపెడితే, స్టాఫ్ కూడా చాటుగానే పనులు కానిస్తారు.

[స్క్రీన్ మీద: 1930]

డబ్బు వెళ్లిపోయిందని తెలిసిందా? ముందు మీ బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఆ మెయిల్ డిలీట్ చేయకండి, అదే సాక్ష్యం. రాత్రి పదకొండయినా సరే, ఐటీ చూసే కుర్రాణ్ణి నిద్ర లేపండి. ఇలాంటి ఘటనలు తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా సంస్థలు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. మేనేజర్ తిడతారేమోనని పొద్దుటిదాకా ఆగితే, ఈలోగా ఆ డబ్బు ఎన్ని అకౌంట్లు మారిపోతుందో చెప్పలేం.