ఓడ ఎక్కేముందు చెప్పవలసినవి

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవారిని ఈమధ్య ఓడ ప్రయాణానికి తీసుకువెళ్లడం బాగా పెరిగింది. మయామీ నుంచి కరీబియన్ దీవులకో, సియాటిల్ నుంచి అలాస్కాకో వారం రోజుల క్రూయిజ్‌కు టికెట్లు తీసుకుంటున్నారు. మన విశాఖపట్నం రేవులోనూ 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి ఇది అనువైన ప్రయాణమే. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, పడుకున్న గది మారకుండానే ఊళ్లు చూడవచ్చు. అయితే మనలో చాలామందికి జబ్బు సంగతి బయట చెప్పుకోవడం ఇష్టం ఉండదు. ఎలాగో సర్దుకుందాంలే అనుకుంటారు. ఇంట్లోనో బంధువుల ఊళ్లోనో ఆ సర్దుబాటు నడుస్తుంది గాని, ఓడ రేవు వదిలాక నడవదు. కావలసినది టికెట్ కొనే రోజునే, రాతపూర్వకంగా చెప్పాలి.

మొదట గది సంగతి. సాధారణ క్యాబిన్ ద్వారం 22, 23 అంగుళాలకు మించని ఓడలు అనేకం ఉన్నాయి. చక్రాల కుర్చీ అందులో పట్టదు. దివ్యాంగుల కోసం కట్టిన క్యాబిన్లలో ద్వారం దాదాపు 32 అంగుళాలు ఉంటుంది, స్నానాల గదికి గడప ఉండదు, గోడకు పట్టుకోవడానికి కమ్మీలు ఉంటాయి. వేల మంది ఎక్కే ఓడలో కూడా ఇలాంటి గదులు కొద్దిగానే ఉంటాయి కనుక నెలల ముందే అయిపోతాయి. ఓడ సౌకర్యంగా ఉంటుందా అని అడిగితే ఉంటుందనే ఎవరైనా చెబుతారు. ద్వారం ఎన్ని అంగుళాలు, మంచం ఎంత ఎత్తు అని అడగండి. కుర్చీని నడవాలో వదిలిపెట్టనివ్వరు, రాత్రిపూట గదిలోనే ఉంచుకోవాలి. రేవులో ఓడవారు ఇచ్చే కుర్చీ సాధారణంగా ఎక్కడానికి, దిగడానికి మాత్రమే, కాబట్టి సొంతది తెచ్చుకోవడమో, ముందే అద్దెకు మాట్లాడుకోవడమో చేయాలి.

అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడలు ఎక్కువగా బహామాస్, పనామా వంటి దేశాల జెండాతో తిరుగుతాయి. అయినా అమెరికా జలాల్లో ఉన్నంతవరకు అక్కడి దివ్యాంగుల హక్కుల చట్టం వాటికీ వర్తిస్తుందని, ఓడ భద్రతకు భంగం కలగని మేరకు పాటించాలని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఓడకు సంబంధించినదే గాని, ఓడ ఆగే ఊళ్ల రేవులకు కాదు.

నిజమైన చిక్కు ఆ రేవుల దగ్గరే వస్తుంది. కేమన్ దీవుల్లోని జార్జ్ టౌన్‌లోనూ, గ్రీసులోని శాంటోరినిలోనూ పెద్ద ఓడలు ఒడ్డుకు చేరవు. అవి దూరంగా లంగరు వేస్తే, టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకు వెళ్లాలి. మన లక్షద్వీప్‌లోనూ ఇదే పద్ధతి. అలలకు పడవ ఊగుతూ ఉంటే చక్రాల కుర్చీ వారిని ఎక్కించుకోవడానికి సిబ్బంది ఒప్పుకోకపోవచ్చు, బరువైన బ్యాటరీ కుర్చీని సాధారణంగా ఎక్కించరు. శాంటోరినిలో ఒడ్డు చేరాక కూడా కొండ మీది ఊరికి కేబుల్ కారు ఎక్కాలి, లేదా దాదాపు 600 మెట్లున్న దారి పట్టాలి. అలాస్కాలోని జూనో, కెచికాన్ వంటి చోట్ల ఓడ గట్టుకే ఆనుతుంది గాని, అక్కడ ఆటుపోట్ల తేడా ఎక్కువ. ఓడ నుంచి గట్టుకు వేసే వంతెన పొద్దున సులభంగా దిగేలా ఉన్నా మధ్యాహ్నానికి నిటారుగా మారవచ్చు. అందుకే టికెట్ కొనేముందు, ఏయే ఊళ్లలో ఓడ గట్టుకు ఆనుతుంది, ఎక్కడ చిన్న పడవలు ఎక్కాలి అన్న వివరం తెప్పించుకోండి. పెద్దవారిని ఓడలో వదిలి పిల్లలు ఊరు చూసి రావడం, పైకి ఎవరూ అనకపోయినా, అందరికీ కష్టంగానే ఉంటుంది.

ఇక ఆరోగ్యం. ఓడలో డాక్టరు, నర్సులు ఉంటారు గాని అది పెద్ద ఆసుపత్రి కాదు. ప్రమాదకర స్థితిలో ఉన్నవారిని నిలకడకు తెచ్చి తరువాతి రేవులో దింపుతారు. హెలికాప్టరు కూడా తీరానికి కొంత దూరం వరకే రాగలదు. రక్తశుద్ధి (డయాలసిస్) యంత్రం మీద ఆధారపడినవారికి మామూలు ప్రయాణాల్లో ఆ వసతి ఉండదు. నిపుణుల బృందంతో ప్రత్యేకంగా ఏర్పాటు చేసే ప్రయాణాలే వారికి దారి. కడుపు ద్వారా డయాలసిస్ చేసుకొనేవారు తమ ద్రవాలు, సామగ్రి తామే సమకూర్చుకోవాలి. గదిలోని చిన్న ఫ్రిజ్ ఇన్సులిన్‌కు తగినంత చల్లగా ఉండకపోవచ్చు కనుక మందుల ఫ్రిజ్ కావాలనీ, వాడిన సూదులకు డబ్బా కావాలనీ ముందే అడగాలి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి గంటలు పడుతుంది, అందుకని మందులు చేతిసంచిలోనే ఉండాలి. మన మందుల చీటీలో ఉండే బ్రాండు పేర్లు అక్కడి డాక్టరుకు తెలియవు, పక్కన జనరిక్ పేర్లు, అంటే మందు అసలు పేర్లు కూడా రాయించుకోండి. గర్భిణులను ప్రయాణం ముగిసేలోగా 24వ వారం మొదలయ్యేటట్లయితే చాలా సంస్థలు ఎక్కించుకోవు.

తిండి విషయంలో మనవాళ్లు పడేంత భయం అక్కరలేదు. శాకాహారం, జైన భోజనం, గ్లూటెన్ లేనివి ముందుగా చెబితే పెద్ద ఓడల్లో వండిపెడతారు. వంటవారిలో, వడ్డించేవారిలో భారతీయులు చాలామంది కనిపిస్తారు. భోజనశాల పెద్దను మొదటి రాత్రే కలిస్తే మరునాటి మెనూ ముందే చూపి, మీకు కావలసినట్లు చేయిస్తారు. వేరుసెనగ వంటివి పడనివారు మాత్రం బఫే కంటే ఈ పద్ధతినే నమ్ముకోవాలి, ఎందుకంటే బఫేలో ఒక గిన్నెలోని గరిటె మరో గిన్నెలోకి వెళుతుంది. రైస్ కుక్కరు, కరెంటు కెటిల్ ఓడ ఎక్కనివ్వరు. ఇంట్లో వండినవీ వద్దంటారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివారు కంపెనీ సీలు ఉన్న సీసా కొనుక్కోవడం మంచిది.

బీమా పత్రాన్ని భూతద్దం పెట్టుకొనైనా చదవండి. సందర్శకులుగా వెళ్లిన తల్లిదండ్రులకు పిల్లలు తీసుకొనే పాలసీల్లో అనేకం, పాత జబ్బులకు, అవి హఠాత్తుగా ముదిరితే తప్ప, ఖర్చు ఇవ్వవు. ఓడ మీద, ఇతర దేశాల రేవుల్లో చెల్లుతుందో లేదో, రోగిని తరలించే ఖర్చు ఉందో లేదో కంపెనీ చేత రాయించుకోండి.

ఎక్కిన రోజే ప్రమాద హెచ్చరిక అభ్యాసం జరుగుతుంది. అసలు ప్రమాదంలో లిఫ్టులు వాడనివ్వరు. మెట్లు దిగలేనివారు, సైరన్ వినపడనివారు, చూపు లేనివారు తమ పేరు సహాయం కావలసినవారి జాబితాలో ఉందో లేదో ఆ రోజే సిబ్బందిని అడిగి చూసుకోవాలి. వినికిడి లేనివారికి మంచాన్ని కదిలించి, దీపం వెలిగించి హెచ్చరించే పరికరం ముందుగా కోరితే గదిలో అమర్చిపెడతారు. నమస్కారం.