డి.ఐ.డి.: ఒకే నోటుపుస్తకంలో అందరూ

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, మల్టిపుల్ పర్సనాలిటీ అనగానే గొంతు మారడం, కళ్లు ఎర్రబడడం గుర్తుకొస్తాయి.

సైకాలజిస్టు: (నవ్వు) ఆ ఎర్రబడిన కళ్లు నేనింతవరకూ చూడలేదండీ! ఆ పేరు కూడా 1994లోనే మార్చారు. ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, పొట్టిగా డి.ఐ.డి. ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు మారి మారి ముందుకొస్తాయి, వాటినే మేం భాగాలంటాం. చాలామందిలో మార్పు పక్కవాళ్లకు తెలియనే తెలియదు. బాధపెట్టేది మరపు. బీరువాలో తాను కొన్న గుర్తులేని బట్టలు, తన దస్తూరీలోనే ఎప్పుడు రాశారో తెలియని ఉత్తరం.

వ్యాఖ్యాత: ఎందుకిలా?

సైకాలజిస్టు: పసితనంలో 'నేను' అన్నది ఇంకా ఒక్కటిగా కుదురుకోదు. ఆ వయసులో పదేపదే హింస జరిగితే, అదీ కాపాడవలసినవాళ్ల చేతుల్లోనే జరిగితే, బిడ్డ ఎక్కడికి పోతుంది? ఆ జ్ఞాపకాన్ని ఒక భాగం మోస్తుంది, బడికి వెళ్లి లెక్కలు చేసేది మరో భాగం. థెరపిస్టుల సూచనల వల్లే ఇది పుడుతుందనే వాదమూ ఉంది. నేను పూర్తిగా ఒప్పుకోను కానీ, 'లోపల ఇంకెవరున్నారు' అని మాత్రం తవ్వను.

వ్యాఖ్యాత: లోపల ఆ భాగాల గొంతులు వినిపిస్తే, లేనివి వినిపించే స్కిజోఫ్రీనియా జబ్బు అనుకోరా?

సైకాలజిస్టు: అనుకుంటారు. ఏళ్ల తరబడి ఆ మందులే వాడినవాళ్లున్నారు. డి.ఐ.డి.కి ప్రత్యేకంగా మందు లేదు. దానితో పాటు ఉండే దిగులుకు, ఆందోళనకు ఇస్తారు. అసలు చికిత్స మాటలతోనే, ఏళ్లు పడుతుంది. ఆత్మహత్యాయత్నాలు ఎక్కువ కాబట్టి ముందు భద్రత చూస్తాం. పాత గాయం జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

వ్యాఖ్యాత: మీ దగ్గరికి వచ్చేవాళ్లు కోపంగా ఉండే భాగాన్ని పంపించేయమని అడుగుతారా?

సైకాలజిస్టు: మొదట అడిగేది అదే! ఆ కోపం ఒకప్పుడు కాపలా కాసింది. దానితో తగవుకు దిగితే ఇంకా రెచ్చిపోతుంది. అందుకే అన్ని భాగాలూ రాసే నోటుపుస్తకం ఒకటి పెట్టమంటాను. 'రేపు ఇంటర్వ్యూ, రాత్రి మేలుకోవద్దు' అని ఒకరు రాస్తారు. కింద ఇంకొకరు తిట్లు రాస్తారు. తిట్లయినా సరే, మాటలు మొదలయ్యాయి కదా. కొందరిలో భాగాలన్నీ చివరికి కలిసిపోతాయి. కొందరు విడివిడిగానే సర్దుకుని ఉద్యోగాలు చేసుకుంటారు, పిల్లల్ని పెంచుకుంటారు. దాన్ని ఓటమి అంటే నాకు కోపం వస్తుంది.

వ్యాఖ్యాత: ఇంట్లోవాళ్లు ఎలా మసలుకోవాలి?

సైకాలజిస్టు: 'ఇప్పుడు ఎవరు?' అని ఆటపట్టించకూడదు. తమకు నచ్చిన భాగాన్ని రమ్మని బతిమాలకూడదు. గుర్తులేదంటే అబద్ధమని తీసిపారేయకూడదు. అయితే ఏ భాగం చేసిన అప్పైనా తీర్చవలసింది ఆ మనిషే.

వ్యాఖ్యాత: అది అన్యాయం అనరా?

సైకాలజిస్టు: అంటారు. నోటుపుస్తకంలో ఎక్కువ గొడవ దాని గురించే.