ఒక అంశం, నాలుగు ర్యాకులు: కాలేజీ లైబ్రరీలో ఆధారాలు వెతకడం ఎలా

అందరికీ నమస్కారం. ప్రాజెక్టు రిపోర్టు రాయబోయే మీకు ఈ గంటలో కావలసింది గ్రంథాలయాల మీద పొగడ్తలు కాదు. వెతకడం ఎలాగో తెలిస్తే చాలు. విడివిడిగా సూత్రాలు చెబితే మనసుకు పట్టవు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే అంశాన్ని పట్టుకుని నడుద్దాం: చీరాల ప్రాంతపు చేనేత సహకార సంఘాలు.

మొదటి పని కంప్యూటర్ ముందు కాదు, కాగితం మీద. కాగితాన్ని మూడు గళ్లుగా విడగొట్టండి: వస్తువు, చోటు, కాలం. వస్తువు గడిలో ‘చేనేత’ ఒక్కటే రాసి ఆగిపోతే సగం పుస్తకాలు మీకు కనబడకుండానే ఉండిపోతాయి. నేత, మగ్గం, నూలు, కుటీర పరిశ్రమ, పద్మశాలి, దేవాంగ, తేలియా రుమాలు అన్నీ రాయండి. ఇంగ్లీషులో హ్యాండ్‌లూమ్ అన్నది కొన్ని పుస్తకాల్లో ఒకే మాట, పాతవాటిలో రెండు మాటలు. కోఆపరేటివ్ అన్న మాటకు మధ్యలో అడ్డగీత పెట్టినవీ ఉన్నాయి, పెట్టనివీ ఉన్నాయి. మనిషి కంటికి ఇవి ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం చాలాసార్లు వేరువేరు.

చోటు గడి మరీ చిక్కు. చీరాల ఎక్కడికీ కదల్లేదు, జిల్లాలు మాత్రం దాని మీదుగా మారిపోయాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. అప్పటి ఇంగ్లీషు రికార్డుల్లో ఆ పేరు కృష్ణా అని కాదు, ‘కిస్ట్నా’ అని ఉంటుంది. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన జిల్లా మాన్యువల్ కావాలంటే ఆ స్పెల్లింగుతోనే వెతకాలి. తరవాత గుంటూరు, 1970 నుంచి ప్రకాశం (మొదట దాని పేరు ఒంగోలు జిల్లా), 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. 1961 జనాభా లెక్కల వాల్యూముల్లో చీరాల కోసం ప్రకాశం జిల్లా పేజీలు తిరగేస్తే ఏం దొరుకుతుంది? అప్పటికి ఆ జిల్లాయే లేదు.

ఇక కేటలాగు. చాలా కాలేజీల్లో ఇప్పుడు కోహా సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఓపాక్, అంటే కంప్యూటర్‌లో వెతుక్కునే కేటలాగు, ఉంటుంది. అందులో ‘చీరాల చేనేత సహకార సంఘాల సమస్యలు పరిష్కారాలు’ అని వాక్యం మొత్తం కొడితే సున్నా ఫలితాలు వస్తాయి. మామూలుగా మీరిచ్చిన మాటలన్నీ ఉన్న రికార్డునే అది చూపిస్తుంది. అంచేత రెండు మాటలతో మొదలుపెట్టండి. ఫలితాలు మరీ ఎక్కువైతే మూడోది చేర్చండి. సరిపోయే పుస్తకం ఒక్కటి దొరికితే దాని రికార్డు తెరిచి ‘సబ్జెక్ట్’ అని ఉన్నచోట నొక్కండి. కేటలాగు చేసినవాళ్లు ఆ విషయానికి ఏ మాట వాడారో అక్కడ తెలుస్తుంది, ఆ మాట కింద చేర్చిన మిగతా పుస్తకాలూ వస్తాయి. పది రకాలుగా టైపు చేసేకన్నా ఈ ఒక్క నొక్కుడు నయం.

తెలుగు పుస్తకాల దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. చాలా కేటలాగుల్లో తెలుగు శీర్షికలు తెలుగు లిపిలో ఉండవు, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో ‘చ’కు ‘సి’ అక్షరం ఒక్కటే రాస్తారు, ‘సిహెచ్’ అన్నది ‘ఛ’కు. మన దగ్గర చేతికొచ్చినట్టు రాసేవాళ్లు ‘చ’కే ‘సిహెచ్’ రాస్తారు. ‘త’కు ఒకరు ‘టి’, మరొకరు ‘టిహెచ్’. ‘చేనేత’ అన్న మూడక్షరాల మాటకు ఈ రెండు తేడాలతోనే నాలుగు స్పెల్లింగులయ్యాయి, దీర్ఘాల సంగతి ఇంకా ఎత్తనేలేదు. నాలుగూ కొట్టి చూడాల్సిందే. నక్షత్రం గుర్తు పనిచేసే కేటలాగయితే మాట మొదటి భాగం రాసి దాని చివర ఆ గుర్తు (*) పెట్టండి. ‘సంఘం, సంఘాలు, సంఘాల’ వంటి విభక్తి తేడాలన్నీ అందులో కలిసిపోతాయి.

రచయితల పేర్లదీ ఇదే తంతు. శ్రీశ్రీ పుస్తకాలు ఒక లైబ్రరీలో శ్రీశ్రీ కింద ఉంటే ఇంకోచోట శ్రీరంగం శ్రీనివాసరావు కింద ఉంటాయి. కలంపేరుతో ఒకసారి, ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి వెతకండి. పాత శీర్షికల్లో ‘తెలుగు’ అని రావలసిన చోట తెనుఁగు, ఆంధ్రము అని ఉంటుంది. డీటీపీ రోజుల్లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పీడీఎఫ్‌లలో తెరమీద తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్ కాదు. అందులో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. దొరకలేదు కదా అని అందులో ఆ మాట లేదనుకోకండి, కళ్లతో చదవాల్సిందే.

ర్యాకులో పుస్తకం చోటు చెప్పే కాల్ నంబరు రాసుకుని ర్యాకు దగ్గరికి వెళ్దాం. 1876లో మెల్విల్ డ్యూయీ వేసిన దశాంశ పద్ధతి మన కాలేజీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక అంశం మీది పుస్తకాలన్నీ ఒకే ర్యాకులో ఉంటాయని మీరనుకుంటారు. ఉండవు. సహకార సంఘాల గురించిన పుస్తకం 334 దగ్గర, చేనేతను పరిశ్రమగా, ఆర్థికాంశంగా చూసినది 338.47677 దగ్గర, నూలు, మగ్గం సాంకేతిక విషయాలు 677లో, నేతను కళగా చూసినవి 746లో ఉంటాయి. పద్మశాలీల సామాజిక చరిత్ర అయితే మళ్లీ 300లలో ఇంకో చోట. పుస్తకం ఏ కోణంలో రాశారన్నదాన్ని బట్టి దాని చోటు ఉంటుంది. మీ ప్రాజెక్టుకు ఏ కోణం కావాలో తేల్చుకోవడానికి ఈ నంబర్లే పనికొస్తాయి.

నంబరు చదవడంలో ఏటా జరిగే పొరపాటు ఒకటుంది. 338.47677 ముందా, 338.5 ముందా? నలభై ఏడు వేలు పెద్దది కదా అని 338.5 దాటి వెతుకుతూ పోతారు. చుక్క తరవాత అంకెలను ఒక్కొక్కటిగా పోల్చాలి. నాలుగు ఐదు కన్నా చిన్నది కాబట్టి 338.47677 ముందే వస్తుంది. పుస్తకం దొరికాక దానికి అటు పది, ఇటు పది చూడండి. కేటలాగులో మీ మాటలకు చిక్కనివి అక్కడ చేతికి తగులుతాయి.

ఓపాక్‌లో ‘అవైలబుల్’ అని ఉండి ర్యాకులో లేకపోతే పోయిందని తేల్చేయకండి. రీడింగ్ హాలు బల్లలు, రిటర్న్ అయి ఇంకా సర్దని పుస్తకాల ట్రాలీ, పై అరా కింది అరా, బైండింగుకు కట్టిన కట్టలు చూసి, అప్పుడు అక్సెషన్ నంబరుతో కౌంటర్లో అడగండి. పేరుతో అడిగితే ఏ ప్రతి అని మళ్లీ వెతకాలి, అక్సెషన్ నంబరు ఒక్కో ప్రతికి ఒక్కటే. చదివిన పుస్తకాన్ని మీరే తిరిగి ర్యాకులో పెట్టొద్దు, బల్ల మీదే వదిలేయండి. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం.

పుస్తకం మొత్తం చదవక్కర్లేదు, మొదట పది నిమిషాలు ఇవ్వండి. విషయ సూచిక, ముందుమాట, చివర ఉన్న గ్రంథ సూచి చూడండి. ఇంగ్లీషు పుస్తకాలకు వెనక పదసూచి ఉంటుంది, ‘చీరాల’ ఏ పేజీల్లో ఉందో అర నిమిషంలో తేలిపోతుంది. తెలుగు పుస్తకాలకు పదసూచి వేయడం ఎందుకో మనవాళ్లకు ఇప్పటికీ అలవాటు కాలేదు. పేజీలు తిప్పక తప్పదు.

సిద్ధాంత గ్రంథాలకు, అంటే పీహెచ్‌డీ థీసిస్‌లకు, విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉంది, ఉచితం. అక్కడ ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉంటుంది. ముందుగా పూర్వ పరిశోధనల సమీక్ష, చివరి గ్రంథ సూచి, ఈ రెండే దింపుకోండి. మీకు పనికొచ్చే పుస్తకాల జాబితా ఒకరు అప్పటికే కష్టపడి తయారుచేసి పెట్టారన్నమాట. నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది కాబట్టి అంతకుముందు గుంటూరు ప్రాంతం మీద జరిగిన పనికి ఆంధ్రా విశ్వవిద్యాలయం పేరు కింద కూడా చూడాలి. జర్నళ్ల విషయానికొస్తే, ప్రభుత్వ ఆధ్వర్యంలోని విద్యాసంస్థలకు 2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీకి ఏది వర్తిస్తుందో, లాగిన్ ఎలాగో లైబ్రేరియన్‌ను అడగండి. వ్యాసం చూడాలంటే డబ్బు కట్టమని తెర అడిగితే, కట్టేముందు కౌంటర్ దాకా రండి.

అంకెలు ఎత్తి రాసేటప్పుడు అసలు పట్టికదాకా వెళ్లండి. దేశంలో 43.31 లక్షల మంది నేతగాళ్లున్నారని 2009–10 చేనేత గణన పేరుతో చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ లెక్కలో మగ్గం మీద కూర్చునేవాళ్లే కాక నూలు చుట్టడం, రంగులు అద్దడం వంటి అనుబంధ పనులు చేసేవాళ్లూ ఉన్నారు. 2019–20 గణనలో మొత్తం 35.22 లక్షలు, అందులో నేతగాళ్లు 26.74 లక్షలే. ఒక గణన మొత్తాన్నీ ఇంకో గణనలోని నేతగాళ్ల అంకెనూ పక్కపక్కన పెట్టి ‘ఇంత పడిపోయింది’ అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

చాట్‌బాట్‌ను అడిగితే రెఫరెన్సులు బారుగా ఇస్తుంది. రచయిత పేరు, ఏడాది, పేజీ నంబర్లతో సహా లేని వ్యాసాన్ని పుట్టించగలదు. వెతకడానికి మాటలు సూచించమని అడగండి, అది బాగానే చేస్తుంది. పుస్తకం పేరు చెబితే మాత్రం ఏదో ఒక కేటలాగులో కనబడేదాకా నమ్మకండి.

పాత పత్రికల అవసరం వస్తే, ఉదాహరణకు 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమ రోజుల్లో నేతపనివారి పరిస్థితి కావాలంటే, మన లైబ్రరీ చాలదు. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో నెలకొన్న సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికల సంచికలకు పేరున్న చోటు. వెళ్లేముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి, ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం పట్టుకెళ్లండి. ‘పాత పేపర్లు చూపించండి’ అంటే ఎవరూ సాయం చేయలేరు, పత్రిక పేరు, నెల, ఏడాది రాసుకుని వెళ్లాలి. ఆనాటి కాగితం పెళుసెక్కి ఉంటుంది, మడిస్తే విరుగుతుంది. పెన్ను సంచీలో పెట్టేసి పెన్సిల్‌తో రాసుకోండి. ఫొటో తీసుకోవచ్చా అని అడిగి, తీసిన ప్రతి పేజీతోపాటు పత్రిక పేరు, తేదీ ఉన్న మొదటి పేజీనీ తీయండి. తేదీ లేని ఫొటో ఇంటికొచ్చాక ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు ఇద్దరిద్దరు చొప్పున లేవండి. ఒక్కో జంటకు రెండు చీటీలు ఇస్తున్నాం, ఒకదాని మీద 334, ఇంకోదాని మీద 338.47677. ఒక్కో నంబరు దగ్గర ఒక పుస్తకం తీసి, చివరి గ్రంథ సూచిలోంచి మూడు పేర్లు రాసుకుని, అవి మన ఓపాక్‌లో ఉన్నాయో లేవో చూసి రండి. ఇరవై నిమిషాలు.